పాపకి వీసా, నాకు చీటీ

ఆ దేశం పేరు ఇక్కడ రాయను. నా భార్య అక్కడొక ఆసుపత్రిలో నర్సు. నా కూతురు ఇప్పుడు అక్కడే బడికి వెళ్తోంది. కొద్ది వారాల్లో నేనూ అక్కడికే వెళ్తున్నాను. అయినా పేరు రాయబుద్ధి కావడం లేదు. కోపం తగ్గాక రాస్తానేమో. ఇప్పటికైతే తగ్గలేదు, తగ్గించుకోవాలన్న తొందర కూడా నాకు లేదు.

నేను ఖరగ్‌పూర్‌లో గూడ్సు బండి గార్డుని. ఈ మధ్య మా ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, నిమ్‌పురా యార్డులో ఇంకా అందరూ గార్డు బాబు అనే పిలుస్తారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చాడు. నాన్నదీ అదే వర్క్‌షాపు. నేను పుట్టింది, చదివింది, పెళ్లి చేసుకుంది అంతా ఈ ఊళ్లోనే. నా భార్యది ఇక్కడి తాల్‌బగీచా పేటే, తెలుగు బడి మాస్టారి కూతురు. పెళ్లినాటికే ఇక్కడి ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేసేది. డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి, వంటింట్లో స్టూలు మీద పుస్తకం పెట్టుకుని, అన్నం ఉడుకుతుంటే చదివి పరీక్షలు రాసింది. పై దేశం నుంచి పిలుపు వచ్చేసరికి పాపకి నాలుగేళ్లు. వెళ్లమన్నది నేనే. తను వెనకాడింది. పాపని నేను చూసుకుంటానని, నువ్వు కుదురుకున్నాక మా ఇద్దరినీ పిలిపించుకోమని నచ్చజెప్పి పంపాను.

చూసుకున్నాను కూడా. నేను బండి మీద వెళ్లినప్పుడు పాప మా అప్ప దగ్గర ఉండేది. అప్ప అంటే నా పెద్దక్క. వాళ్ల క్వార్టర్ మా వెనక వరసలోనే. ఇంట్లో ఉన్నన్నాళ్లూ పాప పని అంతా నాదే. జడలు వేయడం నేర్చుకున్నాను. ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చేవి. బడిలో ఆయమ్మ రోజూ విప్పి మళ్లీ వేసి పంపేది. పాపకి జ్వరం వస్తే నా భార్య ఫోన్లో చూస్తూ ఏ మందు ఎంత వేయాలో చెప్పేది, నేను వేసేవాణ్ణి. అలా నాలుగేళ్లు గడిచాయి. అక్కడ తనకి స్థిరనివాసం దొరికింది. మా ఇద్దరికీ వేర్వేరుగా దరఖాస్తులు పెట్టింది. అవి వంతు మీద కదిలి కదిలి, చివరికి ఇంటర్వ్యూకి రమ్మని కబురొచ్చింది.

ఇంటర్వ్యూకి ముందు వైద్య పరీక్షలు. పాపకి రెండు చేతులకీ సూదులు వేశారు. ఏడవలేదు గానీ నా చొక్కా గుండీ ఊడొచ్చేలా పట్టుకుంది. తర్వాత రైలెక్కి వాళ్ల ఆఫీసు ఉన్న మహానగరం వెళ్లాం. వీసా ఆఫీసులో అద్దం వెనక ఒక యువకుడు కూర్చున్నాడు. కత్తిరించిన గడ్డం, మర్యాదైన గొంతు. పాపని అమ్మ పేరేమిటని, ఎక్కడ ఉంటుందని అడిగాడు. చెప్పింది. తర్వాత నా వంతు. ఏం పని చేస్తారన్నాడు. చెప్పాను. బళ్లలో ఏమేం వెళ్తాయన్నాడు. బొగ్గు, ఇనుప రాయి, కంటైనర్లు, ఒక్కోసారి పెట్రోలు ట్యాంకర్లు అన్నాను. మిలిటరీ సామాను వెళ్తుందా అన్నాడు. వెళ్తుంది, మిలిటరీ బండి వచ్చిన రోజు ఎవరి డ్యూటీ అయితే వాళ్లు తీసుకెళ్తారు అన్నాను. ఉన్న మాట అది. ఏ గార్డుని అడిగినా అదే చెప్తాడు.

అతను చాలాసేపు టైపు చేశాడు. లోపలికి వెళ్లి వచ్చాడు. పాప వైపు వంగి, మా దేశానికి స్వాగతం అన్నాడు. పాప పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు. నా పాస్‌పోర్టు మాత్రం ఒక రంగు చీటీతో కలిపి అద్దం కింద నుంచి వెనక్కి తోశాడు.

ఆ చీటీలో ఉన్నదంతా ఒకటే మాట. నా దరఖాస్తుకి పరిపాలనాపరమైన పరిశీలన అవసరమట. ఎందుకు ఆపారని అడిగాను. ఆపలేదు, అదనంగా చూస్తున్నాం అన్నాడు. ఎన్నాళ్లు పడుతుందన్నాను. చెప్పలేం అన్నాడు. చెప్పలేం అన్న ఆ మాట చెప్తున్నప్పుడు కూడా అతని మొహంలో ఆ మర్యాద చెదరలేదు. నాకు ఈరోజుకీ గిట్టనిది ఆ మర్యాదే. కసురుకుని ఉంటే తిరిగి ఒక మాట అనడానికైనా నాకు దారి ఉండేది.

తిరుగు రైల్లో పాప అడిగింది, తన పాస్‌పోర్టు ఒక్కటే ఎందుకు ఉంచుకున్నాడని. నా కాగితాలు ఎక్కువ ఉన్నాయి, చదవడానికి టైము పడుతుందని చెప్పాను. నమ్మింది.

కొన్నాళ్లకి పాప వీసా వచ్చింది. దాని మీద గడువు కూడా ఉంది. వైద్య పరీక్షల కాగితం చెల్లినన్నాళ్లే ఆ వీసా చెల్లుతుంది. ఆలోగా వెళ్లకపోతే అంతా మొదటికి వస్తుంది. నాది మాత్రం పరిశీలనలో ఉంది. వాళ్ల వెబ్‌సైటులో నా నంబరు కొడితే ప్రతిసారీ ఆ ఒక్క మాటే వచ్చేది. బండి దిగగానే చూసేవాణ్ణి, అన్నం ముందు చూసేవాణ్ణి. ఆ మాట మారేది కాదు.

ఈలోపు వాళ్ల నుంచి ఒక మెయిల్ వచ్చింది. గత పదిహేనేళ్లలో నేను చేసిన ప్రయాణాలన్నీ రాయాలట. ఎక్కడికి, ఎందుకు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు. నేను దేశం దాటలేదని రాశాను. దేశం లోపలి ప్రయాణాలు కూడా రాయమని మళ్లీ మెయిల్. గూడ్సు బండి గార్డుని ప్రయాణాలు రాయమంటే ఏం రాయాలి? టాటానగర్ ఎన్నిసార్లు వెళ్లానో, భద్రక్ ఎన్నిసార్లు వెళ్లానో నాకే తెలియదు. మేం డ్యూటీకి సంతకం పెట్టే లాబీలో నాకంటే సీనియర్ గార్డు ఒక బెంగాలీ దాదా ఉన్నాడు. ఆ మెయిల్ చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. గూడ్సు బండి వెనక డబ్బాలో కూర్చుని తిరిగిందంతా రాస్తే వాళ్ల ఆఫీసు సరిపోదు అన్నాడు. ఇంకెవరి విషయమైనా అయితే నేనూ నవ్వేవాణ్ణి. ఆరోజు దాదా చేతిలోంచి ఫోన్ లాక్కుని బయటికి వచ్చేశాను. నా ప్రయాణమే నా ఉద్యోగమని, ఖర్చు రైల్వేదని రాసి పంపాను. అందినది, పరిశీలనలో ఉన్నది అని జవాబు.

ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. ఇంటర్వ్యూకి ముందే లాబీలో వాళ్లు నాకు టీ పార్టీ ఇచ్చి శాలువా కప్పారు. వెళ్లిపోయినట్టే అనుకున్నారు. ఆ శాలువా కప్పినవాళ్లతోనే మళ్లీ రోజూ సంతకం పెట్టి డ్యూటీ ఎక్కాలి. ఒక జూనియర్ తన భార్యని వెంటబెట్టుకుని మా క్వార్టర్ చూడటానికి వచ్చాడు. నేను ఖాళీ చేస్తే తనకి వస్తుందని ఆశ. ఆ అమ్మాయి కిటికీలకి కర్టెన్లు ఎంత గుడ్డ పడతాయో జానలతో కొలుస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. వాళ్ల తప్పేమీ లేదు. టీ తాగి వెళ్లమన్నాను. వాళ్లు వెళ్లాక ఆ గ్లాసులు కడుగుతూ ఒకటి పగలగొట్టాను. చేయి జారి కాదు.

అందరికంటే నన్ను విసిగించినవాళ్లు ఓపిక పట్టమన్నవాళ్లు. బజారులో ఒకరు, గుళ్లో ఒకరు. ఓపిక లేకపోతే నేనేం చేయగలనని వాళ్ల ఉద్దేశం? వాళ్ల గేటు ముందు కూర్చోగలనా? కనీసం గట్టిగా ఒక ఉత్తరం రాయగలనా? నెల నెలా రాసేవాణ్ణి. గౌరవనీయులైన అధికారి గారికి అని మొదలుపెట్టి, మీ అమూల్యమైన సమయం తీసుకుంటున్నందుకు మన్నించండి అని ముగించేవాణ్ణి. నా పిల్లని నా దగ్గర్నుంచి విడదీయబోతున్న వాళ్లని నేనే మన్నించమని అడుక్కున్నాను. ఒకసారి కడుపులో ఉన్నది ఉన్నట్టు రాసేసి అప్పకి చదివి వినిపిస్తే, అప్ప భయపడిపోయింది.

“ఒరే తమ్ముడూ, అది పంపీకురా. కోపంగా ఉన్నావని ఆల్లకి తెలిస్తే ఇంకా తొక్కి పెడతారు.”

పంపలేదు. చెరిపేసి మళ్లీ గౌరవనీయులైన అని మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే నా భార్య ఫోన్ చేసి, ఎప్పటిలా పాపని అడగకుండా, నాతో మాట్లాడాలంది. గొంతు తేడాగా ఉంది.

“మీరు కోప్పడకండి. ఇక్కడ మన వీసా పని చూసే లాయరు అడగమన్నాడు. పెళ్లికి ముందు ఏదైనా కేసు, ఏదైనా గొడవ... నాకు చెప్పనిది ఏటైనా ఉందా?”

“నువ్వడుగుతున్నావా, లాయరు అడుగుతున్నాడా?” అన్నాను.

లాయరే అంది, తడబడుతూ. ఆ తడబాటు నాకు చాలు. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చాలా రోజులు తను ఫోన్ చేస్తే పలకరించకుండా పాప చేతికి ఇచ్చి వాకిట్లోకి వెళ్లిపోయేవాణ్ణి. పన్నెండేళ్ల కాపురంలో మేం అంతకు ముందు అలా ఉన్నది లేదు.

ఆ తర్వాత పాప అడిగింది. పొద్దున్న బడికి తయారు చేస్తున్నాను. నా ముందు పీట మీద కూర్చుంది. మొహం నాకు కనపడటం లేదు, పాపిట మాత్రమే కనపడుతోంది.

“నాన్నా, నువ్వు ఏటి తప్పు సేసినావు?”

దువ్వెన ఆగిపోయింది. ఎవరన్నారని అడిగాను. బడిలో పెద్ద క్లాసు దీదీ అందట, తప్పు చేసినవాళ్లనే ఆపుతారని.

“నేనేటీ సెయ్యలేదమ్మా.”

“మరి ఎందుకు ఆపినారు?”

“నాకు తెల్దు.”

“అడగలేదా?”

“అడిగినాను. సెప్పరంట.”

పాప వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. “అదేటి అలాగ?” అంది.

నేను ఎంతమందికి ఎన్ని ఉత్తరాలు రాసినా ఇంత సూటిగా అడగలేకపోయాను. ఆ రోజు పాపని బడిలో దింపి, ఆ పెద్ద క్లాసు పిల్లని చూపించమని అక్కడే గొడవ పెట్టుకోబోయాను. వెనకే వచ్చిన అప్ప నా రెక్క పట్టుకుని గేటు బయటికి లాక్కొచ్చింది. అదీ చిన్నపిల్లేరా అంది. నిజమే. నా కోపం తగలాల్సిన చోటు ఎక్కడో దూరంగా, అద్దాల వెనక ఉంది. అక్కడికి చేరదు. చేరేదంతా దగ్గరున్నవాళ్లకే.

పాప వీసా గడువు దగ్గర పడుతుంటే నా భార్య సెలవు పెట్టుకుని వచ్చింది. స్టేషన్‌కి వెళ్లి తీసుకొచ్చాను. దారంతా రిక్షాలో పాపే మాట్లాడింది. మేమిద్దరం పాప ఆ పక్కన ఒకరం, ఈ పక్కన ఒకరం కూర్చున్నాం.

రెండు రోజుల తర్వాత, పాప అప్ప దగ్గరికి వెళ్లినప్పుడు, నా నిర్ణయం చెప్పాను. పాపని పంపను. పంపితే ఇద్దరినీ కలిపి పంపాలి, లేకపోతే ఎవరినీ వద్దు. నువ్వే వచ్చెయ్ అన్నాను. వాదిస్తుందనుకున్నాను. తను పెరటి మెట్టు మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. చేతిలో పాప గౌను ఉంది.

“రమ్మంటే వచ్చేస్తాను. ఇప్పుడే రాజీనామా పంపమన్నా పంపుతాను. పాప గురించి ఒక్కటి చెప్పండి. ఈ వీసా గడువు పోతే మళ్లీ ఆ సూదులు, మళ్లీ ఆ అద్దం, మళ్లీ ఆ మనిషి. దాన్ని మళ్లీ తీసుకెళ్లి అక్కడ నిలబెడతారా? అప్పుడు మీకిచ్చి దానికి ఆపితే ఏటి చేస్తారు?”

వెళ్లి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. తనే మళ్లీ అంది.

“ఆ రోజు అడిగింది లాయరు కాదు. నేనే.”

“తెలుసు.”

“మీ మీద అనుమానం లేదండీ. రోజూ ఆ ఒక్క మాటే చూసి చూసి, ఏదో ఉండే ఉంటాదని నాకే అనిపించీసింది. డ్యూటీలో కూడా అదే ఆలోచన. నా మీద నాకే అసయ్యం వేసింది.”

ఆమె మీద ఉన్న కోపం ఆ క్షణాన పోయింది. పోయి, ఎవరి మీద ఉండాలో వాళ్ల మీదికి రెట్టింపై చేరింది. నా పక్కన పడుకున్న మనిషి, నా జీతం, నా జబ్బులు, నా చిన్నతనం అన్నీ తెలిసిన మనిషి. ఒక వెబ్‌సైటులోని ఒక్క మాట రోజూ కనపడి ఆమె మనసులో నన్ను దోషిని చేసి నిలబెట్టింది. దీనికి ఎవరూ బాధ్యులు కారు. ఎక్కడా ఎవరి సంతకమూ ఉండదు.

పాపని పంపడానికి ఒప్పుకున్నాను.

వెళ్లేరోజు లోకల్ పట్టుకుని హౌరా వెళ్లాం, అక్కడి నుంచి టాక్సీలో విమానాశ్రయానికి. పాప బడి సంచి తనే మోసుకుంది, ఎవరికీ ఇవ్వలేదు. గుమ్మం దగ్గర జవాను టికెట్ లేనివాళ్లు లోపలికి రాకూడదన్నాడు. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. పాప సామాను బండి మీదెక్కి కూర్చుంది, వాళ్లమ్మ తోసింది. ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. జనంలో నేను కనపడ్డానో లేదో తెలియదు, ఎందుకంటే నేనున్న వైపు కాకుండా కాస్త పక్కకి ఊపింది. నేను అటు జరిగేసరికి వాళ్లు మలుపు తిరిగిపోయారు.

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. డ్యూటీ చేశాను. గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ బండికి చిట్టచివర ఉంటుంది. ముందు యాభై పైచిలుకు వ్యాగన్లు, వాటికి ముందు ఇంజిను. వెనక డబ్బాలో మనిషి ఎంత అరిచినా వినేవాడు ఉండడు. హిజ్లీ స్టేషను దాటి, బండి వేగం అందుకున్నాక నేను అరిచేవాణ్ణి. తెలుగులో తిట్టేవాణ్ణి, చాలకపోతే హిందీ, అదీ చాలకపోతే బెంగాలీ. ఆ గడ్డం యువకుణ్ణి, ఆ వెబ్‌సైటుని, గౌరవనీయులైన అధికారి గారిని, ఆ ఉత్తరాలు రాసిన నన్ను. స్టేషన్ వచ్చేసరికి గొంతు సవరించుకుని, పచ్చజెండా పట్టుకుని తలుపులో నిలబడేవాణ్ణి.

నా వైద్య పరీక్షల కాగితానికి గడువు తీరిపోయింది. నా మీద కేసులేవీ లేవని పోలీసులిచ్చిన సర్టిఫికెట్‌కీ తీరిపోయింది. రెండూ మళ్లీ తెమ్మన్నారు. వాళ్ల ఆలస్యం వల్ల చెల్లకుండా పోయినవి నేను మళ్లీ తేవాలి. ఎక్స్‌రే తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమంటే, పోయినసారి తీసింది ఏమైందని అడిగాను. ఆ కుర్రాడు నా వంక వింతగా చూశాడు. పోలీసు స్టేషన్‌లో జమాదారు నన్ను గుర్తుపట్టి, దాదా, మీకు నేనే ఇచ్చాను కదా, మళ్లీ ఏం చేశారు అని నవ్వుతూ అడిగాడు. సరదాకే అన్నాడు. నేను నవ్వలేదు.

ఏడాది దాటిన తర్వాత, ఒక మామూలు మధ్యాహ్నం, ఒక్క వాక్యంతో మెయిల్ వచ్చింది. పాస్‌పోర్టు సమర్పించండి. అంతే. పరిశీలనలో ఏం చూశారు, ఏం దొరికింది, ఏం దొరకలేదు, ఒక్క ముక్క లేదు. మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఈసారి కిటికీలో ఒక ఆవిడ ఉంది. కాగితాలు ఇచ్చాక, ఇంత ఆలస్యం ఎందుకైందో చెప్తారా అని అడిగాను. ఏడాది పాటు మనసులో తిప్పుకున్న మాట. ఆవిడ నవ్వి, అభినందనలు సార్ అంది. తర్వాతి నంబరు పిలిచింది.

అప్ప ఏడ్చింది, గుళ్లో కొబ్బరికాయ కొట్టింది. దాదా నన్ను వాటేసుకున్నాడు. అంతా మంచికే అన్నారు అందరూ. ఇక మర్చిపో అన్నారు. నాకు మాత్రం ఆ పాస్‌పోర్టు చేతిలోకి వచ్చిన రోజు కోపం ఇంకా పెరిగింది. ఇవ్వగలిగినదే అయితే ఆ రోజే ఎందుకు ఇవ్వలేదు? పాప పక్కన నిలబడి ఉన్నప్పుడే ఎందుకు ఇవ్వలేదు?

పాపకి ఫోన్ చేసి చెప్పాను, వస్తున్నానని. సంతోషించింది. ఆ సంతోషంలోనే అడిగింది.

“ఎన్ని రోజులుంటావు నాన్నా?”

సెలవులకి వచ్చే చుట్టాన్ని అడిగినట్టు అడిగింది. ఉండిపోడానికే వస్తున్నానని చెప్పాను. నిజంగానా అంది. తర్వాత తన గది ఎలా ఉంటుందో, నేను ఎక్కడ పడుకోవాలో చెప్పడం మొదలుపెట్టింది. మాటల్లో మా అప్ప యాస సగం పోయింది. జడలు కత్తిరించేశారు, ఇప్పుడు మెడ దాకానే జుట్టు.

నా రాజీనామా ఆమోదించారు. క్వార్టర్ ఆ జూనియర్‌కే వచ్చింది. ఆ అమ్మాయి కర్టెన్లు ముందే కుట్టించి పెట్టుకుందట, మంచిదే. నిన్న నా భార్య ఫోన్లో, అక్కడ దిగాక మళ్లీ ఒక కిటికీ ఉంటుందని, అడిగినదానికే జవాబు చెప్పమని, గొంతు పెంచొద్దని బతిమాలింది. సరేనన్నాను. అడిగినదానికే చెప్తాను. గొంతు పెంచను. కానీ ఆ కిటికీలో ఉన్న మనిషి నవ్వి స్వాగతం అంటే, తిరిగి నవ్వుతానని మాత్రం ఆమెకి మాట ఇవ్వలేదు.